నీటి అడుగున ఫొటోకు చిన్న స్ట్రోబ్ చాలు

సంపాదకులకు నమస్కారం.

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ పగడపు దిబ్బల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన ఫొటో కథనాన్ని ఆసక్తిగా చదివాను. ఫొటోలన్నీ నీలం ముసుగు కప్పుకున్నట్లు ఉన్నాయి. నీటి అడుగున రంగులు రావాలంటే పెద్ద స్ట్రోబ్‌లు (కెమెరాకు జతచేసే, నీటిలో పనిచేసే ఫ్లాష్‌లు) రెండు కొనక తప్పదని అందులో రాసిన మాట చదివాక, విశాఖ తీరంలో కొన్నేళ్లుగా డైవింగ్ చేస్తున్నవాడిగా ఈ లేఖ రాయాలనిపించింది. ఆ మాట నమ్మి, ఆశ వదులుకునే కొత్తవారు ఉంటారన్నదే నా బాధ.

నీరు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తుంది. 5 మీటర్ల లోతుకు చేరేసరికే అది చాలావరకు పోతుంది, ఇంకా దిగితే నారింజ, పసుపు కూడా మాసిపోతాయి. కెమెరా దాకా చేరని రంగును కంప్యూటర్‌లో ఎంత సరిదిద్దినా పూర్తిగా తిరిగి తేలేము కాబట్టి, తెల్లని వెలుగును మనమే వెంట తీసుకువెళ్లాలి. 1926లో ఫ్లోరిడాలోని డ్రై టోర్టుగాస్ వద్ద విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ నీటి అడుగున తొలి రంగుల ఫొటోలు తీసినప్పుడు, ఆ వెలుగు కోసం నీటిపై తేలే తెప్ప మీద మెగ్నీషియం పొడిని పేల్చవలసి వచ్చింది. నేడు ఆ పని అరచేతిలో ఇమిడే స్ట్రోబ్ చేస్తుంది.

స్ట్రోబ్ శక్తిని గైడ్ నంబర్‌తో చెబుతారు; దాన్ని మీటర్లలో దూరంతో భాగిస్తే, పెట్టుకోవలసిన ఎపర్చర్ (లెన్స్ రంధ్రం కొలత) వస్తుంది. ఇనాన్ ఎస్-2000 వంటి చిన్న స్ట్రోబ్‌కు అది 20. ఇది గాలిలో కొలిచిన లెక్క. నీటిలో అది సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. 8 మిగిలిందనుకున్నా, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) 100 దగ్గర, అర మీటరు దూరంలోని చేపకు ఎఫ్/16 ఎపర్చర్ పెట్టుకోవచ్చు. రొయ్యలు, న్యూడిబ్రాంక్‌లు (చిప్ప లేని సముద్రపు నత్తలు) వంటి చిన్న జీవుల ఫొటోలకు అంతకంటే ఏం కావాలి? మీటరున్నర దాటితే మాత్రం వెలుగు చేపను చేరి, తిరిగి కెమెరాకు రావడానికి మూడు మీటర్ల నీటిని దాటాలి. అక్కడ పెద్ద స్ట్రోబ్ సైతం ఎరుపును నిలబెట్టలేదు. విశాలమైన పగడపు దిబ్బను వైడ్ యాంగిల్‌లో తీసేవారికి రెండు పెద్ద స్ట్రోబ్‌లు అవసరమే, కాదనను. మొదలుపెట్టేవారికి మాత్రం ఒక్క చిన్నది కొని, జీవికి మెల్లగా దగ్గరవడం నేర్చుకోవడమే మేలు.

మా తీరంలో నీరు తరచూ మడ్డిగా ఉంటుంది. స్ట్రోబ్‌ను లెన్స్ పక్కనే పెడితే, నీటిలో తేలే నలుసులన్నీ మెరిసి ఫొటో నిండా మంచు కురిసినట్లవుతుంది; దీన్నే బ్యాక్‌స్కాటర్ అంటాము. స్ట్రోబ్‌ను దాన్ని పట్టి ఉంచే కడ్డీపై పక్కకు జరిపి, కొద్దిగా బయటికి తిప్పి, వెలుగు అంచు మాత్రమే జీవి మీద పడేలా చూసుకుంటే ఆ నలుసులు చీకట్లోనే ఉండిపోతాయి. ఈ ఒక్క మెలకువ పట్టుబడటానికి నాకు రెండు సీజన్లు పట్టింది.

కొనేముందు, మీ కెమెరా స్ట్రోబ్‌ను ఎలా వెలిగిస్తుందో చూసుకోవాలి. కెమెరాలోనే ఫ్లాష్ ఉంటే ఆ వెలుగును స్ట్రోబ్‌కు చేరవేసే ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిపోతుంది, లేకపోతే హౌసింగ్‌లో (కెమెరాను ఉంచే, నీరు చొరని పెట్టెలో) ఫ్లాష్‌కు బదులు మెరిసే ఎల్‌ఈడీ ట్రిగ్గర్ ఉండాలి. ప్రీ-ఫ్లాష్ (అసలు మెరుపుకు ముందు వచ్చే చిన్న మెరుపు) అమరిక కెమెరాలో, స్ట్రోబ్‌లో సరిపోలకపోతే స్ట్రోబ్ ముందే వెలిగిపోయి ఫొటో నల్లగా వస్తుంది. చాలామంది దీన్ని స్ట్రోబ్ చెడిపోయిందనుకుంటారు. బ్యాటరీలు తిరిగి చార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్‌వి అయితే, ఒక మెరుపుకూ మరో మెరుపుకూ మధ్య ఆగవలసిన సమయం తగ్గుతుంది.

నా మొదటి స్ట్రోబ్ పాడైంది మాత్రం నా తొందరపాటు వల్లనే. నీరు చొరకుండా మూత దగ్గర ఉండే రబ్బరు వలయం, ఓ-రింగ్‌పై వెంట్రుక ఉందేమో చూడకుండా మూత బిగించాను, ఉప్పునీరు లోపలికి చేరి కాంటాక్టులు తుప్పుపట్టాయి.

ఒక విన్నపం. ఇకపై ఇలాంటి ఫొటోలు ప్రచురించినప్పుడు, ఎంత లోతులో, ఎంత దూరం నుంచి తీశారో, స్ట్రోబ్ వాడారో లేదో కింద ఒక్క వరుసలో ముద్రించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం