అమ్మానాన్నలకు: జూన్‌లో మొదలయ్యే కూరగాయల షేర్ గురించి

మసాచుసెట్స్,
ఏప్రిల్ నెల.

అమ్మకు, నాన్నకు నమస్కారాలు.

మీరు రోహిణి కార్తెలో కావలి నుంచి బయల్దేరి వచ్చేసరికి ఇక్కడ పొలం షేర్ మొదలవుతుంది. అంటే రైతుకు ముందే డబ్బు కట్టి, పంటకాలమంతా వారంవారం ఆ పొలం కూరగాయల్లో మన వాటా తెచ్చుకోవడం. అమ్మా, ఆర్నెల్లు వంటిల్లు నీ చేతిలోనే ఉంటుంది గనక ఏమేం వస్తాయో, దేన్ని ముందు వండాలో ఇప్పుడే రాస్తున్నాను. మన మార్కెట్లో మాదిరి ఈరోజు ఫలానా కూర అనుకొని పోయి తెచ్చుకోవడం ఇందులో కుదరదు. వారానికి ఒకరోజు పొలంలో ఏది కోతకొస్తే అది ఇస్తారు. దాన్ని ఏడు రోజులు సర్దుకోవాలి. ముందు వాడిపోయేది ముందు వండాలి. ఈ ఒక్క లెక్క తప్పితే సగం పెట్టె చెత్తబుట్టకే.

నాన్న అడిగిన డబ్బు సంగతి ముందు చెప్తాను. షేర్ డబ్బు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే కట్టేయాలి. పొలాన్ని బట్టి 20 వారాలకు సుమారు 600 నుంచి 900 డాలర్ల దాకా ఉంటుంది. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి సగం షేర్ చాలు. విత్తనాలకూ కూలీలకూ రైతుకు డబ్బు కావాల్సింది ఆ నెలల్లోనే. కలిగిరి వైపు పొగాకు రైతు అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టి, వేలం దాకా వడ్డీ మోస్తాడు కదా, ఇక్కడ ఆ పెట్టుబడి తినేవాళ్లే పెడతారు. వడ్డీ లేదు, బదులుగా కూరగాయలు. కాకపోతే పంట పోతే డబ్బు వెనక్కి రాదు. 2009లో ఈ ఈశాన్య రాష్ట్రాలన్నిటా లేట్ బ్లైట్ తెగులు వచ్చి టమాటా తోటలు మాడిపోయాయి. ఆ ఏడు చాలా షేర్లలో టమాటాలు లేనట్టే. 2023 జులైలో కనెక్టికట్ నది పొంగి లోయలో పొలాలు మునిగాయి. వరద నీళ్లు తగిలిన కూరగాయలను తినడానికి అమ్మకూడదు గనక పైకి బాగున్నవి కూడా పారేయాల్సి వచ్చింది. అందుకే ఒకే పంట వేసే రైతు దగ్గర షేర్ తీసుకోకూడదు. ముప్పై నలభై రకాలు వేసే పొలమైతే ఒకటి పోయినా ఇంకొకటి నిలబడుతుంది.

ఈ పద్ధతి అమెరికాలో 1986లో రెండు పొలాల్లో మొదలైంది. ఒకటి మా రాష్ట్రంలోని ఇండియన్ లైన్ ఫార్మ్, రెండోది పక్కనున్న న్యూ హాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్. జపాన్‌లో ఇట్టాంటిదే అంతకు ముందునుంచీ ఉంది.

పొలానికి పోయినప్పుడు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. సంచులు మనమే తీసుకుపోవాలి. కాగితంలో పేరు ఎదురుగా టిక్కు పెట్టాలి. పలకమీద ఆ వారం లెక్క రాసి ఉంటుంది: కేల్ ఒక కట్ట, జుకిని మూడు, టమాటా రెండు పౌన్లు, అట్టా. పౌను అంటే 454 గ్రాములు. త్రాసులో మనమే తూచుకోవాలి. వద్దనుకున్నది మార్పిడి బుట్టలో వేసి, అందులో ఎవరో వదిలేసింది తీసుకోవచ్చు. ముల్లంగి ఆకు, బీట్‌రూట్ ఆకు చాలామంది అక్కడే తుంచి పడేస్తారు. మనకు అదే పప్పులోకి.

ఇంటికి రాగానే మొదటి పని, దుంపలకున్న ఆకులు కోసేయడం. ముల్లంగి, బీట్‌రూట్, క్యారెట్, నూల్‌కోల్ వేటినైనా ఆకుతో ఉంచితే ఆకు దుంపలోని నీళ్లు లాగేస్తుంది. రెండు రోజుల్లో దుంప మెత్తబడి వంగుతుంది. అంగుళం కాడ ఉంచి కోయాలి. మట్టి ఉంటే ఉండనీ, వండేటప్పుడు కడుక్కోవచ్చు. ముందే కడిగి తడితో ఫ్రిజ్‌లో పెడితే కుళ్లు పడుతుంది. ఆకుకూరలు మాత్రం పొడి గుడ్డలో చుట్టి కవర్లో పెట్టు.

జూన్‌లో అంతా ఆకే. మనకు ఎండకు తోటకూర కట్ట గంటలో వడిలిపోయే రోజుల్లో ఇక్కడ ఆకుకూరల కాలం. పాలకూర, లెట్యూస్ మొదటి రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. లెట్యూస్ పొయ్యి మీద పెట్టేది కాదు. సన్నగా తరిగి, నానబెట్టిన పెసరపప్పు, కొబ్బరికోరు, నిమ్మరసం కలిపి తిరగమాత పెడితే నాన్న కూడా తింటాడు. ఉప్పు, నిమ్మరసం వడ్డించే ముందే, లేకుంటే నీళ్లు కారి మెత్తబడుతుంది. స్విస్ చార్డ్ అని ఎర్ర కాడలు, పసుప్పచ్చ కాడలు ఉన్న ఆకు వస్తుంది. అది పప్పుకు పాలకూర కంటే మేలు. కప్పు కందిపప్పుకు ఒక కట్ట సరిపోతుంది. కాడలు తరిగి పప్పుతోనే కుక్కర్లో వేయి, ఆకు తర్వాత వేసి ఐదు నిమిషాలు మగ్గిస్తే చాలు. చింతపండు పులుసు పప్పు ఉడికాకే పోయాలి. ముందే పోస్తే పులుపుకు పప్పు గట్టిగా ఉండిపోతుంది. ఇక్కడి దుకాణాల్లో పచ్చి మామిడికాయలో పులుపు అంతంతమాత్రం, దాన్ని నమ్ముకోవద్దు.

కేల్ మొరటాకు. నడుమ ఈనె తీసేసి, చుట్టచుట్టి సన్నగా తరిగి, నీళ్లు చిలకరించి మూతపెట్టి పది నిమిషాలు మగ్గించాలి. చివర్లో శెనక్కాయల పొడి, ఎండుమిరపకారం వేస్తే వేపుడు. అంతకు మించి దాంతో నాకు స్నేహం కుదరదు. జూన్ నడిమికల్లా మెలికలు తిరిగిన పచ్చటి కాడలు కట్టగా ఇస్తారు. అవి తెల్లగడ్డ పూకాడలు. కింద గడ్డ ఊరాలని కోసేస్తారు. మొగ్గకు పైనున్న తోక నార, తీసెయ్. కింది వైపు మునివేళ్లతో వంచి, టక్కున విరిగిన చోటినుంచి పైభాగం వాడు. పచ్చడి నూరేటప్పుడు తెల్లగడ్డకు బదులు ఇదే వేయొచ్చు. ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు ఉంటుంది గనక తొందరేం లేదు.

జులై అంటే జుకిని. బీరకాయకూ దోసకాయకూ దాయాది. మూడు, నాలుగు, ఐదు, ఇట్టా వారంవారం పెరుగుతూ వస్తాయి. చాలామంది మనవాళ్లు దీన్ని తిట్టుకోవడానికి కారణం వండే తీరే. దాంట్లో నూటికి 95 పాళ్లు నీళ్లే. బీరకాయలాగా ఉప్పేసి మూతపెడితే గంజి అవుతుంది. వేపుడైతే అరంగుళం ముక్కలు, వెడల్పాటి బాండీ, పెద్ద మంట, మూత వద్దు, ఉప్పు దించే ముందు. ఒకేసారి బాండీ నింపినా ఉడుకుతుందే గాని వేగదు, రెండు వాయిలుగా వేయించు.

అన్నిటికన్నా బాగుండేది రోటి పచ్చడి. అరకిలో జుకినిని తొక్కతోనే ముక్కలు కోసి, రెండు చెంచాల నూనెలో పెద్ద మంటమీద నీళ్లు ఇగిరిపోయి అంచులు ఎర్రబడేదాకా, పది పన్నెండు నిమిషాలు వేయించు. ఎనిమిది పచ్చిమిరగాయలు విడిగా వేయించి, రెండు చెంచాల వేయించిన నువ్వులు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, అర చెంచా జీలకర్ర, ఉసిరికాయంత చింతపండు, ఉప్పుతో ముందు నూరుకోవాలి. జుకిని ముక్కలు ఆఖరున వేసి కచ్చాపచ్చాగా తిప్పి ఆపేయాలి. నువ్వుల పొడి మిగిలిన తడిని పీల్చుకుంటుంది, అది తగ్గిస్తే పచ్చడి జారుతుంది. చేతి పొడవు దాటిన కాయలుంటే గింజల గుజ్జు తీసేసి పులుసులో సొరకాయలాగా వేయి. ఏ కాయైనా కోయగానే చిన్న ముక్క నాలుకమీద పెట్టి చూడు. చేదుగా ఉంటే మొత్తం పారెయ్. చేదు దోసకాయ, చేదు సొరకాయ మాదిరే కడుపు చెడగొడుతుంది, ఉడికించినా ఆ చేదు పోదు.

పొట్టి దోసకాయలు వచ్చే వారాల్లో దోసావకాయ పెట్టుకోవచ్చు. తుడిచి, గింజలు తీసి, తొక్కతో కోసిన ముక్కలు గుడ్డమీద మూడు నాలుగు గంటలు నీడన ఆరాలి. కిలో ముక్కలకు ఆవపిండి, కారం చెరి వంద గ్రాములు, ఉప్పు తొంభై, నువ్వుల నూనె పావు లీటరు. ఇది నిలవ పచ్చడి కాదు, ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాల్లో తినేయాలి.

షేర్ ఉన్నవాళ్లు బీన్స్, చెర్రీ టమాటాలు, పూలు చాళ్లలోకి పోయి స్వయంగా కోసుకోవచ్చు. ఎంత కోయాలో పలకమీదే ఉంటుంది. ఆ చాళ్ల మధ్య నీకు తెలిసిన కూరలు కలుపు కింద పెరుగుతుంటాయి: అడవి తోటకూర, గంగపాయల కూర. రైతును అడిగితే సంతోషంగా పీక్కోమంటారు. గంగపాయల దగ్గర ఒక్క జాగ్రత్త. అట్టాగే నేలమీద పాకే ఇంకో కలుపుంది, దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరికి తీసుకో. గంగపాయల కాడ నున్నగా లావుగా ఎర్రగా ఉండి, ఆకు మందంగా ఉబ్బి ఉంటుంది, విరిస్తే నీళ్లు వస్తాయి. రెండోదానికి కాడ దారంలా సన్నం, ఆకు పలచన, విరిస్తే తెల్లటి పాలు కారతాయి. పాలు వస్తే తినకూడదు. ప్రతి కొమ్మా విరిచి చూడు, రెండూ ఒకదాంట్లో ఒకటి అల్లుకొని ఉంటాయి.

పొలానికి చీరతో రావద్దు. గడ్డిలో పిడుదులుంటాయి. జూన్, జులైల్లో గసగసాలంత ఉంటాయి, కంటికి ఆనవు. కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు. లేతరంగు ప్యాంటు వేసుకొని అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక చూసుకొని స్నానం చేయాలి. మామూలుగా అది ఒక రోజుకు పైగా పట్టుకొని ఉంటేనే జబ్బు అంటుకుంటుంది, కాబట్టి ఆ పూటే చూసుకుంటే భయం లేదు.

ఆగస్టు మన వంటకు అసలైన నెల. టమాటాలు ఫ్రిజ్‌లో పెట్టొద్దు. 12 డిగ్రీలకు దిగువన వాసన చచ్చి చప్పబడతాయి. తొడిమ వైపు కిందికి పెట్టి బల్లమీద ఉంచు. వంకరటింకరగా, ఊదారంగులో ఉండే పెద్దవి తియ్యగా ఉంటాయి గాని పులుపు తక్కువ. చేపల పులుసుకు పనికిరావు, పచ్చివే కోసి ఉప్పు కారం చల్లుకోవాలి. పచ్చడికి గుడ్డు ఆకారపువి తీసుకో, వాటిలో నీళ్లు తక్కువ. వంకాయలూ చలికి ఓర్చుకోవు, ఫ్రిజ్‌లో తొక్క గుంటలు పడి లోపల గింజ నల్లబడుతుంది. రెండు రోజుల్లో వండేయ్. పెద్ద నల్లవి కాల్చి పచ్చిపులుసుకు, ఫెయిరీ టేల్ అనే వేలెడు చారల కాయలు గుత్తి వంకాయకు. మార్పిడి బుట్టలో వాటికోసం చూస్తూ ఉండు.

మొక్కజొన్న తెచ్చిన రోజే తినాలి, ఆలస్యమైతే తీపి పిండిగా మారిపోతుంది. గారెలకు మాత్రం ఇబ్బంది. ఇది తీపి రకం, మన మొక్కజొన్నలో ఉన్నంత పిండి ఇందులో ఉండదు, నూనెలో విడిపోతుంది. నాలుగు కంకులకు అర కప్పు నానిన శెనగపప్పు గట్టిగా రుబ్బి, రెండు చెంచాల బియ్యప్పిండి కలిపితే నిలబడుతుంది. బెండకాయలు వస్తే వస్తాయి, గుప్పెడు. ఇక్కడి ఎండ దానికి చాలదు.

సెప్టెంబర్‌లో ఉర్లగడ్డలు, ఎర్రగడ్డలు, గట్టి తొక్క గుమ్మడికాయలు. ఇవి నెలల తరబడి ఉంటాయి, బేస్‌మెంట్‌లో పెట్టుకోవడమే. అక్టోబర్ మొదట్లో మంచు పడుతుందనగా రైతు చెట్లమీదున్న పచ్చి టమాటాలన్నీ కోసి ఇస్తారు. ఆ వారం పచ్చి టమాటా పప్పు, పచ్చడి రెండూ పడతాయి.

తెచ్చుకోవాల్సినవి: ఇంట్లో కొట్టించిన కారం రెండు కిలోలు, ఆవపిండి కిలో. కరివేపాకు ఒక్క రెబ్బ కూడా వద్దు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దానిమీద ఉంటుందని విమానాశ్రయంలో తీసి పారేస్తారు. ఉలవపాడు మామిడికాయలూ అంతే. గోంగూర విత్తనాలు నాటుకోవడానికి తేవాలంటే పంట ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, కాబట్టి పొట్లాలు కట్టొద్దు. తినే వస్తువులేమున్నాయని అడిగితే ఉన్నవన్నీ చెప్పేయండి. దాస్తేనే జరిమానా. కత్తిపీట తెచ్చుకోవచ్చు, అంచుకు మందపాటి గుడ్డ చుట్టి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టు, చేతిసంచిలో కాదు.

మీ
పెద్దమ్మాయి