గొంతు పోకముందే కొలవండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక టీచరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో పాఠాలు చెబుతున్నాను. మాటే నా బతుకుతెరువు. కిందటేడు ఒక సోమవారం పొద్దున హాజరు పిలుస్తుంటే ఆరో పేరు దగ్గర గొంతు పెగల్లేదు. నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ మాట రాలేదు. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి వచ్చి, నా చేతిలో రిజిస్టరు తీసుకుని మిగతా పేర్లు తనే చదివింది. ఆ రోజంతా బోర్డు మీద రాస్తూనే గడిపాను.

అప్పటికి నా గొంతు బొంగురుపోయి ఏడు నెలలు. రెండు చోట్ల చూపించుకున్నాను. ఒకచోట జలుబు తాలూకు అన్నారు, ఇంకోచోట కొన్నాళ్లు తక్కువ మాట్లాడమన్నారు. ఇద్దరూ యాంటీబయాటిక్సే రాశారు. గొంతులో మాట పుట్టే చోటైన స్వరపేటికలోకి తొంగిచూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. మూడోచోట ఒక ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి సన్నని గొట్టం పంపి స్ట్రోబోస్కోపీ చేశారు. స్వరపేటికలో ఊగి మాట పలికించే రెండు మడతలే స్వరతంత్రులు. వాటి కదలిక మామూలు కంటికి అందనంత వేగం కాబట్టి, ఆ వేగానికి కాస్త తేడాగా వెలుగు మిణుకుమిణుకుమనేలా చేస్తారు. అప్పుడు ఆ కదలిక నిదానంగా, అల లేచి పడుతున్నట్టు కనిపిస్తుంది. తెరమీద నా స్వరతంత్రులు చూశాను. తెల్లగా, మెరుస్తూ, తెర అంచుల్లా ఊగుతున్నాయి. రెండింటి మీదా ఒకేచోట, ఎదురెదురుగా, చిన్న గడ్డలు. ఆ గడ్డలు ఒకదానికొకటి ఆనుకుంటుంటే పైనా కిందా సందు మిగిలిపోయి, అందులోంచి గాలి ఊరికే పోతోంది. గునపం పట్టిన అరచేయి కాయలు కాసినట్టే, నా గొంతూ కాయలు కాసిందన్నమాట.

అప్పుడు డాక్టరు గారు అడిగారు: “ఇదివరకు మీ గొంతు ఎలా ఉండేది?” నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి వెతికితే పాత స్కూలు వార్షికోత్సవం వీడియోలో నేను మైకు లేకుండా మాట్లాడిన నలభై సెకన్లు దొరికాయి. ఇరవై రెండేళ్ల వృత్తికి మిగిలిన కొలత అదొక్కటే. ఈ లేఖ రాయడానికి కారణం కూడా ఆ ప్రశ్నే.

గొంతు ఎలా పలుకుతుందన్నది శాస్త్రానికి చాలావరకు తెలుసు. బతికున్న మనిషి స్వరపేటిక పనిచేస్తుండగా చూసి వర్ణించినవాడు డాక్టరు కాదు, మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు. 1854లో పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని గొంతులో పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండను లోపలికి మళ్లించి, తన గొంతునే తను చూసుకున్నాడు. మరుసటేడు లండన్‌లోని రాయల్ సొసైటీకి ఆ సంగతులు నివేదించాడు. అయినా ఈ కదలిక ఎలా పుడుతుందన్న విషయంలో ఇంకో వందేళ్లు తగువులాట నడిచింది. స్వరతంత్రి ఊగే ప్రతిసారీ మెదడు నుంచి ఒక్కో నాడీ సంకేతం వస్తుందని 1950లో హుస్సన్ అనే ఫ్రెంచి పరిశోధకుడు వాదించాడు. అది నిలవలేదు. 1958లో డచ్చి శాస్త్రవేత్త వాన్ డెన్ బెర్గ్ దాన్ని తేల్చి చెప్పాడు: మెదడు స్వరతంత్రుల్ని దగ్గరికి చేర్చి, బిగువు సరిచేస్తుందంతే. వాటిని ఊపేది ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలి, వాటి సాగేగుణం. తర్వాత 1974లో జపాన్‌కు చెందిన మినోరు హిరానో ఇంకో సంగతి చూపించాడు. స్వరతంత్రి ఒకే ముద్ద కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. అడుగున కండరం, దాని మీద జెల్లీలాంటి మెత్తని పొర, ఆపైన పలుచని తొడుగు. కండరం మీద ఆ పై పొరలు జారుతూ అలలా కదలడమే స్వరం. ఆ మెత్తని పొర ఒకసారి మచ్చకట్టి గట్టిపడితే, మళ్లీ పూర్తిగా మునుపటిలా చేసే చికిత్స ఇంతవరకూ లేదు. మీరు తప్పక గుర్తుంచుకోవాల్సింది ఈ చివరి మాటే, మంత్రిగారూ.

ఇక లెక్కకు వద్దాం. నాలాంటి ఆడగొంతు మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు దాదాపు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. పాఠం మధ్య ఆగే క్షణాలన్నీ తీసేసి, నికరంగా గొంతు పలికింది రోజుకు గంటన్నరే అనుకున్నా, పది లక్షల దెబ్బలు దాటిపోతాయి. సాయంత్రానికి గొంతు రాచుకుపోయినట్టుంటే మేం నిద్రపోయి లేస్తాం, మర్నాడు మళ్లీ అదే పని. క్లాసులో గోల పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. ఎత్యెన్ లొంబార్ అనే ఫ్రెంచి డాక్టరు 1911లోనే ఈ సంగతి చెప్పాడు. “గట్టిగా అరవకండి, జాగ్రత్తగా మాట్లాడండి” అని టీచర్లకు హితబోధ చేసేవాళ్లు ఇది తెలుసుకుంటే బాగుంటుంది. మేం కావాలని అరవం. గదిలో సద్దే మాచేత గొంతు చించుకునేలా చేస్తుంది.

అమెరికాలో అయోవా, యూటా రాష్ట్రాల్లో 1,243 మంది టీచర్లను, టీచర్లు కాని 1,288 మందిని అడిగి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందన్నవాళ్లు టీచర్లలో 57.7 శాతం, తక్కినవాళ్లలో 28.8 శాతం. దాదాపు రెట్టింపు. చాలా విలువైన పని అది. కానీ అదీ, దానిలాంటి మరెన్నో అధ్యయనాలూ మనుషుల్ని అడిగి, వాళ్ల జ్ఞాపకం మీద ఆధారపడ్డవే. తక్కినవాటిలో చాలా వరకు గొంతు పోయి ఆసుపత్రికి చేరినవాళ్ల మీద చేసినవి. ఇల్లు కాలిపోయాక బూడిద పరీక్షించి, నిప్పు ఎక్కడ అంటుకుందో ఊహించడంలాంటిదే ఇది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు గొంతు ఎలా ఉంది, మూడో ఏడు ఎలా మారింది, పదో ఏట ఎవరిది నిలిచింది, ఎవరిది పోయింది, ఎందుకు? ఒకే తరగతిగదిలో ఒకే గోల మధ్య పాతికేళ్లు చెప్పి, గొంతు చెక్కుచెదరని సహోద్యోగులు నాకున్నారు. వాళ్ల స్వరతంత్రుల్లో ఏముందో తెలిస్తే, నాలాంటివాళ్లను ముందే కాపాడవచ్చు. ఏళ్ల తరబడి కొలిచినవాళ్లు అరుదు కాబట్టి ఎవరికీ సరిగ్గా తెలియదు.

అందుకే అడుగుతున్నాను. మాటతో బతికే వృత్తుల్లోకి కొత్తగా వచ్చేవాళ్లను, అంటే టీచర్లు, కాల్‌సెంటర్ ఉద్యోగులు, గాయకులు, ప్రవచనకారులు, చేరిన రోజు నుంచి ఏళ్ల తరబడి వెంట ఉండి గమనించే ఒక పెద్ద అధ్యయనానికి మీ శాఖ డబ్బు కేటాయించాలి. మొదటి వారంలో ఐదు నిమిషాల స్వర రికార్డింగు, వీలైనవాళ్లకు ఒక స్ట్రోబోస్కోపీ. ఆ తర్వాత ఏటా ఒకసారి. మెడకు అంటించే చిన్న సెన్సరు ఒకటుంది, చర్మం మీది కంపనాన్ని బట్టి రోజులో గొంతు ఎంతసేపు, ఎంత గట్టిగా పలికిందో లెక్కిస్తుంది. మాటలు రికార్డు చేయదు కాబట్టి ఎవరి రహస్యాలూ బయటపడవు. పరికరాలు ఉన్నాయి, శాస్త్రవేత్తలూ ఉన్నారు. పూనుకునేవాళ్లే లేరు.

ఓపికగా లెక్కపెడితే ఏం దక్కుతుందో ఆస్ట్రేలియా చూపించింది. హెచ్‌పీవీ వైరస్ వల్ల పిల్లల స్వరపేటికలో పులిపిర్లు మొలిచే జబ్బు ఒకటుంది. తీసేసినా మళ్లీ మొలుస్తాయి. కొందరు పిల్లలకు పదుల సార్లు ఆపరేషన్లు తప్పవు. ఆ దేశం 2007లో హెచ్‌పీవీ టీకా కార్యక్రమం మొదలుపెట్టి, తర్వాత దేశమంతటా కొత్త కేసుల్ని ఒక్కొక్కటిగా నమోదు చేసింది. 2012లో లక్ష మంది పిల్లలకు 0.16గా ఉన్నది 2016కి 0.02కు పడిపోయింది. ఆ లెక్కే లేకపోతే, టీకా ఆ పసిగొంతుల్ని కాపాడిందని రుజువు చేయడం ఎవరి తరం?

అధ్యయనం ఫలితాలు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా చేయదగ్గవి రెండు మూడు ఉన్నాయి, వాటికి కొత్త పరిశోధన అక్కర్లేదు. గొంతు బొంగురు నాలుగు వారాల్లో తగ్గకపోతే స్వరపేటికను కచ్చితంగా చూడాలని, ఊరికే యాంటీబయాటిక్స్ రాయొద్దని అమెరికా ఈఎన్‌టీ నిపుణుల సంఘం 2018లో మార్గదర్శకాలిచ్చింది. దాన్ని ప్రతి ప్రాథమిక వైద్యుడి దగ్గరికీ చేర్చండి. నాకు వచ్చినవి కాయలు కాబట్టి బతికిపోయాను. అదే బొంగురు క్యాన్సర్‌దయితే, ఏడు నెలలంటే చిన్నమాట కాదు. స్వరతంత్రుల క్యాన్సర్ మొదట్లోనే గొంతు మార్చి చెబుతుంది, అప్పుడే పట్టుకుంటే చాలామందికి నయమవుతుంది. గొంతు సమస్య ఉన్న టీచర్లకు ఒంటికి తగిలించుకునే చిన్న మైకు ఇచ్చి ఆరు వారాలు చూసిన అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది. గొంతు జాగ్రత్తల మీద పాఠాలు విన్నవాళ్లకంటే మైకు పెట్టుకున్నవాళ్లకే స్పష్టంగా మేలు జరిగింది. ఇంకోటి, పోలండ్‌లో గొంతు కాయలు చట్టప్రకారం వృత్తిరోగాల జాబితాలో ఉన్నాయి. మాకు సెలవు అడిగే చోట ఇప్పటికీ “గొంతు నొప్పికి సెలవా?” అన్న ప్రశ్నే ఎదురవుతోంది.

స్పీచ్ థెరపిస్టు దగ్గర నాలుగు నెలలు సాధన చేశాను. నీళ్లలో స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా “ఊ” అని పలకడం దగ్గర్నుంచి మొదలుపెట్టించారు. ఆపరేషన్ లేకుండానే గడ్డలు చాలావరకు తగ్గాయి. క్లాసుకు తిరిగి వెళ్లాను. ఇప్పుడు హాజరు చివరి పేరుదాకా నేనే పిలుస్తున్నాను. పై స్థాయి మాత్రం తిరిగి రాలేదు, పద్యం రాగం తీసి చదివే చోట ఆగిపోతున్నాను.

మీరు అధ్యయనం మొదలుపెడితే నా నలభై సెకన్ల వీడియో, నా స్ట్రోబోస్కోపీ చిత్రాలు, థెరపీ రికార్డింగులు అన్నీ ఇస్తాను. మా స్కూల్లో ఈ ఏడు ఇద్దరు కొత్త టీచర్లు చేరారు. వాళ్లతో మాట్లాడాను. మొదటి రికార్డింగుకు ఇద్దరూ సిద్ధం.

ఇట్లు,
ఒక హైస్కూలు ఉపాధ్యాయిని