లావెండర్ నూనె ఎందుకు ఆపేశామంటే

మా దగ్గర లావెండర్ ఒంటినూనె కొన్నవాళ్ళకి ముందుగా ఒక మాట. సీసా అడుగున లా-4, లా-5, లా-6 అని స్టిక్కర్ ఉంటే ఈ రోజు నుంచే వాడటం ఆపేయండి. దురద ఉన్నా లేకపోయినా ఆపండి. సగం వాడేసినా, ఖాళీ అయిపోయినా సరే, స్టిక్కర్ ఫొటో వాట్సాప్‌లో పంపితే పూర్తి డబ్బు ఫోన్‌పే చేస్తాం. అవే నెంబర్లున్న లావెండర్ సబ్బుకీ ఇదే మాట. నలుగుపిండి, కుంకుడు పొడి, వేప సబ్బులో మేము సెంటు కలపం కాబట్టి అవి మామూలుగానే వాడుకోవచ్చు.

ఇక జరిగింది చెబుతాను. కొంచెం పెద్దదే, కానీ మీ ఒంటికి రాసుకునే వస్తువు గురించి కాబట్టి దాచకుండా చెప్పాలి.

జూలై చివర్లో నాచారం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మూడేళ్ళుగా మా దగ్గరే కొంటుంది. "అక్కా, మెడ మీద, మోచేతుల మడతల్లో ఒకటే దురద. ఎర్రగా కందిపోయింది. మీ నూనె వల్ల కాదులే, మూడు వారాల నుంచి రాసుకుంటున్నా, మొదట్లో ఏమీ కాలేదు" అంది. నేనూ అదే నమ్మాను. నమ్మడమే కాకుండా, "నూనె వల్లయితే మొదటి రోజే తెలిసేది, ఈ ఉక్కకి చెమటకాయలేమో చూడమ్మా" అన్నాను. నా మాట విని ఆమె ఇంకో పది రోజులు అదే నూనె రాసుకుంది. ఆ పది రోజులు నా వల్ల పోయాయి. ఆమెకి క్షమాపణ చెప్పుకున్నాను, ఇక్కడ మీ అందరి ముందూ చెబుతున్నాను.

నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఏమిటంటే, చర్మపు అలర్జీ మొదటి రోజు కనిపించదు. సెంటులోని కొన్ని పదార్థాల అణువులు చర్మం లోపలికి దిగి అక్కడి ప్రోటీన్లకి అతుక్కుంటాయి. అలా అతుక్కున్నదాన్ని మన రోగనిరోధక కణాలు పరాయిదిగా చూసి, దగ్గర్లోని లింఫ్ గ్రంథికి కబురు మోసుకెళ్తాయి. అక్కడ ఆ పదార్థాన్నే గుర్తుపట్టే టి-కణాలు (రోగనిరోధక కణాల్లో ఒక రకం) తయారవుతాయి. దీనికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఈ రెండు వారాల్లో పైకి ఏమీ తెలియదు, చర్మం హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత మళ్ళీ రాసుకుంటే ఒకటి రెండు రోజుల్లో ఎరుపు, దురద, పొక్కులు. అంటే "మూడు వారాల నుంచి రాసుకుంటున్నా, మొదట్లో ఏమీ కాలేదు" అన్న మాటే అలర్జీకి సరిగ్గా సరిపోయే లక్షణం. మేమిద్దరం దాన్నే నూనె తప్పు లేదనడానికి సాక్ష్యంగా చెప్పుకున్నాం.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నా లేబుల్ మీద "పరీక్షించి చూసినది, చర్మానికి సురక్షితం" అని అచ్చు వేయించాను. ఆ పరీక్ష ఏమిటో ఇప్పుడు చెప్పాలి. కొత్త బ్యాచ్ కలిపిన రోజు నేను, మా ఆడపడుచు, ప్యాకింగ్‌కి వచ్చే ఇద్దరు అమ్మాయిలు మణికట్టు మీద రాసుకుని మర్నాటిదాకా చూసేవాళ్ళం. మంట లేదు, దద్దుర్లు లేవు, సరే అనుకునేవాళ్ళం. అబద్ధం చెప్పాలని చేసింది కాదు. అయితే ఆ పద్ధతిలో తెలిసేది ఒక్కటే: నూనె అప్పటికప్పుడు చర్మాన్ని మండించే ఘాటు సరుకా, కాదా అని. అలర్జీ పుట్టిస్తుందా అన్నది నలుగురి మణికట్లు ఒక రాత్రిలో చెప్పలేవు.

నాచారం ఆవిడ చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. ఆవిడే నన్ను కూడా రమ్మంది, వెళ్ళాను. అక్కడ చేసింది ప్యాచ్ టెస్ట్. 1895లో జర్మన్ డాక్టర్ యోజెఫ్ యాడసోన్ మొదలుపెట్టిన పద్ధతి, ఇవాళ్టికీ ఒక మనిషికి దేని వల్ల చర్మ అలర్జీ ఉందో తేల్చడానికి ఇదే ప్రధానమైన పరీక్ష. చిన్న చిన్న గిన్నెల్లాంటి బిళ్ళలు వరసగా అతికించిన టేపు ఉంటుంది. ఒక్కో బిళ్ళలో ఒక్కో పదార్థం, వాసెలిన్‌లో లెక్క ప్రకారం కలిపి పెడతారు. ఆ టేపుని వీపు మీద అంటించి, పక్కన పెన్నుతో నెంబర్లు గీస్తారు. సోమవారం అంటించారు, బుధవారం తీశారు, శుక్రవారం మళ్ళీ చూశారు. ఆ ఐదు రోజులూ వీపు తడవకూడదు. ఆగస్టు ఉక్కలో, రోజూ బస్సులో ఆఫీసుకు వెళ్ళివచ్చే మనిషికి అదెంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

మామూలుగా పెట్టే బిళ్ళల్లో "ఫ్రాగ్రెన్స్ మిక్స్" అని ఒకటి ఉంటుంది. దాల్చిన చెక్క వాసన ఇచ్చే సిన్నమాల్, లవంగంలోని యూజినాల్, గులాబీ వాసనిచ్చే జెరానియాల్ లాంటి ఎనిమిది పదార్థాలు కలిపిన మిశ్రమం అది. ఆమె వీపు మీద ఆ బిళ్ళ చోట ఏమీ రాలేదు. ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది, మా నూనె తప్పు కాదని తేలింది అనుకున్నాను. డాక్టరుగారు మాత్రం, "ఇందులో లినాలూల్ లేదమ్మా, లావెండర్‌లో ఎక్కువగా ఉండేది అదే" అన్నారు. మా నూనెని కూడా ఒక బిళ్ళలో పెట్టారు. బుధవారం అక్కడ లేత ఎరుపు. శుక్రవారానికి రూపాయి బిళ్ళంత మేర ఉబ్బి, వేలితో తడిమితే గరుకుగా చిన్న చిన్న పొక్కులు తగిలాయి. పక్కనున్న నువ్వుల నూనె, కొబ్బరి నూనె బిళ్ళల చోట చర్మం శుభ్రంగా ఉంది. నేను ఆ వీపు చూస్తూ నిలబడ్డాను. మూడేళ్ళ నుంచి కలుపుతున్న నూనె అది.

అక్కడితో ఆగి ఉంటే "ఆమెకి లావెండర్ పడదు" అని సరిపెట్టుకునేదాన్ని. డాక్టరుగారు అడిగిన ఒక ప్రశ్న మొత్తం తిప్పేసింది: "మీ లావెండర్ తైలం సీసా తెరిచి ఎన్నాళ్ళయింది?"

ఒంటినూనెలో వాసన కోసం కలిపే చిక్కటి తైలం అది. ఫిబ్రవరిలో తెరిచాను. లీటరు సీసా. మాది మల్కాజిగిరిలో డాబా మీద రేకుల షెడ్డు, అక్కడే కలపడం, అక్కడే నిల్వ. ఏప్రిల్, మే నెలల్లో ఆ షెడ్డులో మధ్యాహ్నం పూట నిలబడలేం, రేకు చేత్తో తాకలేం. ఆ వేడిలో, వారానికోసారి మూత తీస్తూ, సగానికి సగం గాలితో నిండిన సీసా ఆరు నెలలు ఉంది.

లావెండర్ తైలంలో ఇంచుమించు మూడో వంతు లినాలూల్ అనే పదార్థం. స్వచ్ఛంగా, తాజాగా ఉన్నప్పుడు దాని వల్ల అలర్జీ రావడం చాలా అరుదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడు మాత్రం అది నెమ్మదిగా హైడ్రోపెరాక్సైడ్‌లు అనే వేరే పదార్థాలుగా మారుతుంది. చర్మానికి పడనిది అవే. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఎలుకల మీద చేసిన పరీక్షలో తాజా లినాలూల్‌కి స్పందన నామమాత్రం, గాలి తగిలి పాతబడ్డదానికి స్పష్టంగా ఎక్కువ అని చూపించారు. నిమ్మ, నారింజ తొక్కల్లో ఉండే లిమొనీన్‌ది కూడా ఇదే కథ. పల్లీ నూనె పాతబడితే మన ముక్కుకి తెలిసిపోతుంది. ఇది అలా కాదు, ఆ సీసా చివరి రోజు దాకా నాకు కమ్మగానే వాసన వచ్చింది.

మళ్ళీ ప్యాచ్ పెట్టారు. ఈసారి పాత సీసాలోని తైలం ఒక బిళ్ళలో, అప్పుడే సీలు తీసిన కొత్త సీసాలోది ఒక బిళ్ళలో, రెండూ రెండు శాతం చొప్పున వాసెలిన్‌లో కలిపి. ఆమె ఒప్పుకుంది కాబట్టే చేశారు, ఆ ఓపికకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. అవే బిళ్ళలు నా వీపు మీదా పెట్టమని అడిగాను. శుక్రవారం చూస్తే ఆమెకి పాత తైలం చోట పొక్కులు, కొత్త తైలం చోట చాలా లేత ఎరుపు. నాకు ఎక్కడా ఏమీ లేదు. అదే తైలం, అదే మోతాదు. నా చర్మం బాగుంది కాబట్టి మీ చర్మమూ బాగుంటుందని నేను ఇన్నాళ్ళు రాసిన మాటకి అంతకంటే జవాబు అక్కర్లేదు.

ఇది ఒక్క మనిషి మీద తేలిన విషయం, విడిగా లినాలూల్ హైడ్రోపెరాక్సైడ్ బిళ్ళతో ఇంకా చూడలేదని డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు. నాకు మాత్రం సీసా పారబోయడానికి అది చాలు. పాత సీసా శాంపిల్‌ని ల్యాబ్‌కి కూడా పంపాను. లినాలూల్ ఎక్కువగా ఉన్న తైలాల్లో పెరాక్సైడ్, అంటే గాలి తగిలి పుట్టే ఆ పదార్థాల మోతాదు, లీటరుకి 20 మిల్లీమోల్స్ లోపే ఉండాలని అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ సంఘం, అంటే ఇఫ్రా, నియమం. మా సీసా దాన్ని బాగా దాటేసింది.

కొందరు అడుగుతారని తెలుసు: మరి సెంటు తయారుచేసే కంపెనీలు పరీక్షలు చేయవా? చేస్తాయి. ఒకప్పుడు గినీ పందుల మీద చేసేవారు, తర్వాత ఎలుకల లింఫ్ గ్రంథుల్లో కణాలు ఎంత పెరిగాయో కొలిచేవారు. మన దేశంలో సౌందర్య సాధనాల కోసం జంతువుల మీద పరీక్షలు 2014లోనే నిషేధించారు, నాకు అది సంతోషమే. ఇప్పుడు జంతువులు లేకుండా మూడు రకాలుగా చూస్తారు. పదార్థం ప్రోటీన్ ముక్కలకి అతుక్కుంటుందా అని గాజు గొట్టంలో, చర్మకణాలు కంగారు పడుతున్నాయా అని ఒక పళ్ళెంలో, కబురు మోసే రోగనిరోధక కణాలు మేల్కొంటున్నాయా అని మరో పళ్ళెంలో. మూడింటిలో రెండు ఒకే మాట చెబితే దాన్ని ఫలితంగా తీసుకునే పద్ధతిని ఓఈసీడీ అనే అంతర్జాతీయ దేశాల సంస్థ 2021లో ఆమోదించింది. అయితే నా సరఫరాదారు ఇచ్చే కాగితం సీలు వేసిన రోజు నాటి తైలానికి. మా షెడ్డులో ఆరు నెలలు ఉడికినదానికి పూచీ నాదే. దీంట్లో సరఫరాదారు తప్పేమీ లేదు.

"సహజమైనది, కెమికల్స్ లేవు" అని కూడా లేబుల్ మీద ఉండేది. అదీ తీసేస్తున్నాను. లినాలూల్ మొక్క తయారుచేసే కెమికలే. మన ధనియాల తైలంలో సగానికి పైగా అదే ఉంటుంది. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన చర్మం దాన్ని వేరుగా చూడదు.

ఇక నుంచి చేసేవి. లీటరు సీసాలు కొనడం మానేశాం. వంద మిల్లీలీటర్ల ముదురు రంగు సీసాలు, తెరిచిన రోజే, గాలికి త్వరగా పాతబడకుండా విటమిన్-ఇ కలిపి, తేదీ రాసి, ఫ్రిజ్‌లో పెడతాం. తెరిచిన రెండు నెలలకి మిగిలింది పారబోస్తాం, ఎంత ఖరీదైనదైనా సరే. రేటు కొంచెం పెరుగుతుంది, సీసాకి ముప్పై నలభై రూపాయలు. లేబుల్ మీద "సెంటు" అని ఒక్క ముక్కతో వదిలేయకుండా లినాలూల్, లిమొనీన్, జెరానియాల్ అని పేర్లు రాస్తాం. యూరప్‌లో రాసుకుని వదిలేసే నూనెలో ఇలాంటివి 0.001 శాతం దాటితే పేరు వేయాల్సిందే. అంటే వంద గ్రాముల్లో ఒక్క మిల్లీగ్రాము. ఆ లెక్కనే మేమూ పాటిస్తాం. ఒకసారి అలర్జీ పట్టుకున్నాక దాదాపు జీవితాంతం ఉంటుంది, నాచారం ఆవిడ ఇప్పుడు షాంపూ నుంచి హ్యాండ్‌వాష్ దాకా ప్రతి డబ్బా వెనక పేర్లు చదువుకుని కొనాలి. పేరే లేకపోతే ఏం చదువుతుంది?

మీరు ఇంట్లో చూసుకోవాలంటే ఒక జాగ్రత్త. చిక్కటి తైలాన్ని నేరుగా చర్మం మీద పెట్టి ప్లాస్టర్ వేసుకునే పని దయచేసి చేయకండి, దాని వల్లే కొత్తగా అలర్జీ మొదలయ్యే ప్రమాదం ఉంది. మేము అమ్మే నూనెనే, మోచేతి మడత దగ్గర చిన్న చోట, రోజుకి రెండుసార్లు చొప్పున వారం పది రోజులు రాసి చూడండి. దురద మొదలైన రోజే ఆపేయండి. ఇది ఇప్పటికే మీకు అలర్జీ ఉందేమో చెబుతుంది, రేపు రాదని హామీ ఇవ్వదు. దద్దుర్లు ఉంటే నాకు ఫోన్ చేసేముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, సీసా వెంట తీసుకెళ్ళండి. ప్యాచ్ టెస్ట్ చేయించాల్సి వస్తే, మా నూనె వల్లని తేలినా తేలకపోయినా, ఆ ఖర్చు మేమే ఇస్తాం.

ఇప్పటికి లావెండర్ సీసాలు 61 వెనక్కి వచ్చాయి, ఇంకా 40 దాకా మీ ఇళ్ళలో ఉన్నాయి. మా పుస్తకంలో నెంబర్లున్న వాళ్ళందరికీ ఒక్కొక్కరికే ఫోన్ చేస్తున్నాను. ఎవరికైనా బహుమతిగా ఇచ్చి ఉంటే వాళ్ళకి ఈ మాట చేరవేయండి. కొత్త సీసా పెరాక్సైడ్ రిపోర్టు వచ్చే వారం వస్తుంది. వచ్చిన రోజే ఆ కాగితం ఫొటో మీకు పంపిస్తాను, అంకె ఎలా ఉన్నా.