గుర్రాలు దిగాయి, క్లాసులు మొదలవలేదు

"సెలవుల బ్యాచ్ మే మొదటి వారం అన్నారు, ఏమైంది?" అని రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తున్నారు. ముందు దానికే జవాబు చెప్తాను. గుర్రపుస్వారీ క్లాసులు జూన్ పదిహేను దాటాకే మొదలుపెడతాం, అదీ మూడు గుర్రాలతోనే. అంటే పిల్లల సెలవులు అయిపోయాక. తప్పు నాదే. గుర్రాల రక్తపరీక్షల రిపోర్టు చేతికి రాకముందే ఫ్లెక్సీ కొట్టించి అడ్వాన్సులు తీసుకున్నాను.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. మొయినాబాద్ దగ్గర లీజు భూమిలో తొమ్మిదేళ్ళు గుర్రపుస్వారీ నేర్పాం. నిరుడు ఆ మూడెకరాలూ వెంచర్లో కలిసిపోయాయి. భీమిలి దగ్గర మా అత్తగారివాళ్ళ జీడితోట ఉంటే, లాయం మొత్తం ఇటు తెచ్చేశాం.

మనుషులు ఊరు మారితే సామాను సర్దుకుంటే చాలు. గుర్రానికి ముందు గ్లాండర్స్ పరీక్ష చేయించాలి. అది మనుషులకూ అంటుకునే జబ్బు. టీకా లేదు, ఉందని తేలితే ఆ గుర్రాన్ని చంపేయాల్సిందే. అందుకని అది లేదనే కాగితం, పశువైద్యుడి సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా లారీ ఎక్కించలేదు. అన్నాళ్ళూ ఒక్క క్లాసు లేదు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు కదా, మావి నాలుగూ కళ్ళున్నవే.

విజయవాడ మీదుగా ఆరువందల కిలోమీటర్ల పైమాటే. రెండు రాత్రులు నడిపి, మధ్యలో పగలంతా తెలిసినవాళ్ళ మామిడితోటలో ఆపాం. కొత్త ఊరి నీళ్ళు గుర్రం ఓ పట్టాన ముట్టదు. అందుకే బయల్దేరడానికి వారం ముందు నుంచే నీళ్ళలో కాస్త బెల్లం కలపడం అలవాటు చేశాం. దారిలో ఎక్కడ బకెట్ పెట్టినా ఆ రుచికి తాగేశాయి. ఈ ప్రయాణంలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే.

తెలివితక్కువ పని గడ్డి దగ్గర చేశాను. మేత మార్చాలంటే పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ వారం పదిరోజులు పట్టాలి. ఆ సంగతి పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పేవాణ్ణి. తీరా నేనే ఐదు రోజులకు సరిపడా పాత గడ్డి తెచ్చుకున్నాను, లారీలో చోటు లేదని. ఆరో రోజు రాత్రి మా గుర్రం రాజా కడుపు వైపు తిరిగి తిరిగి చూసుకోవడం, కాలితో నేల గీరడం, పడుకుని లేవడం. కడుపునొప్పే. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి వెళ్ళింది కిందికి దిగాల్సిందే. డాక్టరుగారు వచ్చి ముక్కులోంచి గొట్టం వేశారు. తెల్లవారుజామున నాలుగింటికి లద్దె వేశాక గానీ మాకు కూర్చోబుద్ధి కాలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

షబ్నం సంగతి వేరు. మలక్‌పేటలో రేసులు మానేశాక మా దగ్గరికి వచ్చిన గుర్రం. హైదరాబాద్ పిల్లల్లో సగం మంది మొదటిసారి జీనెక్కింది దాని మీదే. ఇక్కడి ఉక్కకి దానికి చెమట పట్టడం ఆగిపోయింది. మనలాగే గుర్రం కూడా ఒళ్ళు చల్లబడేది చెమటతోనే. మిగతా మూడూ తడిసి ముద్దవుతుంటే ఇది ఒళ్ళు పొడిగా, ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతుంది. దీనికి ఖాయమైన మందు లేదు. ఫ్యాన్లు, దాణాలో ఉప్పు, రోజుకు మూడుసార్లు నీళ్ళు పోయడం, అంతే. వానలు పడి చల్లబడేదాకా దాని మీద ఎవరినీ ఎక్కించను, ఎంత పాత విద్యార్థి అడిగినా సరే.

గుర్రాల్ని చూసుకునే ఇద్దరు సాయీసుల్లో ఒకరే వచ్చారు. రెండో ఆయన "మీరు వెళ్ళండి సాబ్, నా పిల్లల బడి ఇక్కడే" అన్నాడు. కాదనలేకపోయాను. ఇక్కడ కొత్తగా చేరిన కుర్రాడు "ఆగు, ఆగెహె" అంటాడు. మావాటికి "బస్" అంటేనే అర్థమవుతుంది. ప్రస్తుతానికి గుర్రాలు తెలుగు నేర్చుకోవడం కన్నా వాడు ఉర్దూ నేర్చుకోవడమే త్వరగా సాగుతోంది.

ఫీజు పన్నెండు క్లాసులకు 6,000 నుంచి 7,200 చేశాం. నాడాలు ఆరు వారాలకోసారి మార్చాలి. నమ్మకంగా వేసేవాళ్ళు దగ్గర్లో మాకు ఇంకా దొరక్క, పాత నాల్‌బంద్‌నే హైదరాబాద్ నుంచి రైల్లో రప్పిస్తున్నాం. ఆ ఖర్చే ఇది.

బీచ్‌లో దౌడు, ఫొటోలు ఉంటాయా అని చాలామంది అడిగారు. ఉండవు. ఒకచోట గట్టిగా, మరోచోట మెత్తగా ఉండే ఇసుకలో పరుగెత్తిస్తే గుర్రం కాలి నరం పట్టేస్తుంది. ఎర్రమట్టి దిబ్బల మీదికీ తీసుకెళ్ళను. అది కాపాడుకోవాల్సిన చోటు, డెక్కలతో తొక్కించేది కాదు. మా తోటలో కంచె వేసిన మైదానం ఉంది, తెల్లారి ఐదున్నర నుంచి ఎనిమిది వరకే క్లాసులు.

అడ్వాన్స్ కట్టినవాళ్ళు వెనక్కి కావాలంటే ఒక్క మెసేజ్ పెట్టండి, కారణం అడగను, అదే రోజు పంపేస్తాను. మొయినాబాద్‌లో క్లాసులు మిగిలిపోయినవాళ్ళకూ అంతే. ఆదివారం పొద్దున షబ్నంను చూడ్డానికి రావచ్చు. క్యారెట్లు తెండి. బెల్లం మాత్రం వద్దు, ఆ అలవాటే ఇప్పుడు మాన్పిస్తున్నాం.