మిట్టమధ్యాహ్నం ఆగిపోయే ఇన్వర్టర్: విద్యుత్ శాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను విద్యుత్ పంపిణీలో ముప్పై ఏళ్లకు పైగా ఇంజినీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇళ్ల మీది సోలార్ ప్యానెళ్లు, ఇంట్లో పెట్టుకునే బ్యాటరీలు, ఎలక్ట్రిక్ కార్లు, వీటన్నిటినీ గ్రిడ్‌తో కలిపే నిబంధనలు మీ శాఖ సిద్ధం చేస్తోందని తెలిసి రాస్తున్నాను. ఎన్ని మెగావాట్లు రావాలి, ఎప్పటికల్లా రావాలి అని లెక్కలు చెప్పేవాళ్లు మీ చుట్టూ చాలామందే ఉంటారు. నేను చెప్పదలచుకున్నది, ప్యానెళ్ల కరెంటును ఇంటికీ గ్రిడ్‌కూ పనికొచ్చేలా మార్చే సోలార్ ఇన్వర్టర్ లోపలి సెట్టింగుల గురించి. ఇది మంత్రి దాకా తేవాల్సిన విషయమా అని మీ కార్యదర్శికి అనిపించవచ్చు. అందుకే బహిరంగంగా రాస్తున్నాను.

పోయిన వేసవిలో బంధువుల ఇంటికి వెళ్లాను. ఎండ బాగా కాసే వేళకే వాళ్ల ఇన్వర్టర్ ఆగిపోతోంది. సోలార్ పెట్టినవాళ్లు వచ్చి రెండుసార్లు కార్డు మార్చి వెళ్లారు. పంపిణీ సంస్థకు ఫిర్యాదు చేస్తే 'మా లైను బాగానే ఉంది' అన్నారు. నేను మీటరు పెట్టి చూశాను. వోల్టేజీ పరిమితి దాటి ఉంది.

ఆ ఇల్లు లైనుకు చిట్టచివర ఉంది. ఆ వీధిలో సగం ఇళ్లకు సోలార్ వచ్చేసింది. మధ్యాహ్నం ఇళ్లలో వాడకం తక్కువ, పైకప్పుల మీద ఉత్పత్తి ఎక్కువ. మిగిలిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎదురు నడుస్తుంది. అలా నడవాలంటే ఇంటి దగ్గర వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకన్నా ఎక్కువ ఉండాలి. లైను ఎంత పొడవైతే అంత ఎక్కువ. పరిమితి దాటగానే ఇన్వర్టర్ తప్పుకుంది, దానికి నేర్పింది అదే. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. చివరి ఇళ్లకు వోల్టేజీ చాలడం లేదని మా రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (బయటికిచ్చే వోల్టేజీని మెట్లుగా పెంచే, దించే ఏర్పాటు) ఒక మెట్టు పైనే పెట్టేవాళ్లం. అలా ఎన్ని పెట్టించానో నాకే లెక్క లేదు. కరెంటు ఒక్క దిక్కునే నడిచే కాలానికి అది సరిపోయింది.

దీనికి మందు ఇన్వర్టర్‌లోనే ఉంది. వోల్టేజీ పెరుగుతుంటే రియాక్టివ్ పవర్ (పనికి ఖర్చవకుండా లైనులో అటూ ఇటూ ఊగే విద్యుత్తు) లాక్కుని దాన్ని కొంత కిందికి దించగలదు. అదీ చాలకపోతే ఒక్కసారిగా ఆగిపోకుండా ఉత్పత్తిని కొంచెం కొంచెంగా తగ్గించుకోగలదు. ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ 2003లో పెట్టిన 1547 ప్రమాణం చిన్న ఉత్పత్తి కేంద్రాలు వోల్టేజీ జోలికి రాకూడదనేది, తేడా వస్తే వెంటనే తప్పుకోమనేది. 2018లో దాన్ని తిరగరాసి, వోల్టేజీని సర్దే సత్తా ఉండాలి, చిన్న కుదుపులకు తట్టుకుని నిలబడాలి అన్నారు. ఇప్పుడు వచ్చే ఇన్వర్టర్లలో చాలావాటికి ఆ సత్తా ఉంది. కానీ దాన్ని ఆన్ చేయాలి, ఏ వోల్టేజీకి ఎంత స్పందించాలో చూపే వంపు ఎలా ఉండాలో చెప్పాలి. ఆ పని ఇవాళ నిచ్చెన మీద నిలబడి ఫోనులో మెనూ నొక్కే కుర్రాడి చేతిలో ఉంది. అతన్ని తప్పుపట్టను. ఏం నొక్కాలో అతనికి ఎవరూ రాసి ఇవ్వలేదు.

ఒక వీధిలో ఇది చికాకు మాత్రమే. దేశమంతా ఒకే సెట్టింగు తప్పుగా ఉంటే ఏమవుతుందో జర్మనీ చూసింది. ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, మామూలుగా 50 హెర్ట్జ్) 50.2 హెర్ట్జ్ దాటగానే లో-వోల్టేజీ సోలార్ అంతా ఆగిపోవాలని అక్కడ ఒకప్పుడు నియమం పెట్టారు. పైకప్పుల మీద పదో పరకో కిలోవాట్లు ఉన్నప్పుడు ఎవరికీ పట్టలేదు. గిగావాట్లు వచ్చాక చూసుకుంటే, ఆ ఒక్క అంకె దగ్గర వేల మెగావాట్లు ఒకే క్షణంలో మాయమయ్యే పరిస్థితి. యూరప్ ఖండపు గ్రిడ్ మొత్తం అత్యవసరానికి దాచుకునే ప్రాథమిక నిల్వే 3,000 మెగావాట్లు. 2012లో చట్టబద్ధంగా ఆదేశాలిచ్చి 3 లక్షలకు పైగా ప్లాంట్లలో ఆ సెట్టింగు మార్పించాల్సి వచ్చింది. మనుషులు ఇంటింటికీ వెళ్లి చేయాల్సిన పని అది, ఏళ్లు పట్టింది.

ఇలాంటి సెట్టింగు ప్రమాదం బ్రిటన్‌కు ముందే తెలిసింది, కానీ సర్దుబాటు పూర్తికాలేదు. 2019 ఆగస్టు 9 సాయంత్రం ఒక లైను మీద పిడుగు పడింది. హార్న్‌సీ సముద్ర గాలిమరల కేంద్రం, లిటిల్ బార్‌ఫర్డ్ గ్యాస్ కేంద్రం కొద్ది సేపట్లోనే ఉత్పత్తి కోల్పోయాయి. వాటితోపాటు పంపిణీ లైన్ల మీది చిన్న జనరేటర్లు కొన్ని వందల మెగావాట్ల మేర తప్పుకున్నాయి. గ్రిడ్ తెగిపోతే, మరమ్మతు చేసే లైన్‌మన్ ప్రాణం కోసం చిన్న జనరేటర్ ఆగిపోవాలి. ఆ రక్షణ చాలా అవసరం. అయితే ఫ్రీక్వెన్సీ సెకనుకు 0.125 హెర్ట్జ్ వేగంతో మారినా గ్రిడ్ తెగిందనుకునేలా కొన్నిటిలో పెట్టారు. గ్రిడ్‌కు దెబ్బ తగిలి వాటి అవసరం పడిన వేళే అవి వెళ్లిపోయాయి. ఫ్రీక్వెన్సీ 48.8 హెర్ట్జ్‌కు పడింది, పది లక్షలకు పైగా వినియోగదారులకు కరెంటు పోయింది. ఆ తర్వాత ఆ అంకెను సెకనుకు 1 హెర్ట్జ్‌కు మార్పించే పనిని వేగం చేశారు.

హవాయిలో మాత్రం 2015లో దాదాపు 8 లక్షల మైక్రో ఇన్వర్టర్ల (ప్యానెల్ వెనకే బిగించే చిన్న ఇన్వర్టర్ల) సెట్టింగులను తయారీదారు తన ఆఫీసులో కూర్చునే మార్చేశాడు. జర్మనీ కష్టం తెలిసినవాడిగా నాకు ముచ్చటేసింది. మరుక్షణమే భయమూ వేసింది. అన్ని పైకప్పుల తాళంచెవి ఒక కంపెనీ సర్వర్‌లో ఉందన్నమాట. రేపు ఆ సర్వర్‌లోకి దొంగ దూరితే? ఆ సర్వర్ మీద ఎవరి అజమాయిషీ, మార్పు చేసేముందు గ్రిడ్ నిర్వాహకుడికి చెప్పాలా అక్కర్లేదా అన్నది మీ నిబంధనల్లో స్పష్టంగా ఉండాలి.

ఇక నేను అడిగేది. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని కిలోవాట్ల సోలార్ ఉంది, ఎన్ని బ్యాటరీలు, ఏ మోడల్ ఇన్వర్టర్, అందులో ఏ సెట్టింగు ఉంది అన్న రిజిస్టర్ ప్రతి పంపిణీ సంస్థా పెట్టాలి. కనెక్షన్ ఇచ్చిన రోజు సెట్టింగు పేజీని నమోదు చేయకపోతే కనెక్షన్ పూర్తయినట్టు కాదనండి. ఏటా కొన్నిటిని ఇంటికెళ్లి తనిఖీ చేయించండి. కాగితం మీద ఉన్నది గోడ మీద ఉన్నదానితో కలవదని మీకు ముప్పై ఏళ్ల అనుభవంతో చెప్పగలను.

ఆ రిజిస్టర్ లేకపోవడం వల్లే, కొత్తగా సోలార్ పెడతామన్నవాళ్లకు 'మీ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఖాళీ లేదు' అనే జవాబు ఇంత తేలిగ్గా వస్తోంది. ఖాళీ లేదనేది ఏడాదిలో కొన్ని మధ్యాహ్నాల మాట. ఆ కొన్ని గంటల కోసం ఏడాదంతా తలుపు మూయడం దేనికి? దక్షిణ ఆస్ట్రేలియాలో రద్దీ ఉన్న చోట్ల కొత్తగా వచ్చేవాళ్లకు రెండు దారులు పెట్టారు. ఎప్పుడూ 1.5 కిలోవాట్లకు మించి గ్రిడ్‌కు పంపనంటే అలాగే ఉండొచ్చు. లేదా లైను పరిస్థితిని బట్టి మారే పరిమితికి ఒప్పుకుంటే, ఖాళీ ఉన్నప్పుడు ఫేజుకు 10 కిలోవాట్ల దాకా పంపొచ్చు. ఇంతకన్నా న్యాయమైన బేరం నాకు కనబడలేదు. లైను చివర ఇల్లు ఉన్నందుకు ఒక్కడే నష్టపోవడం అందులో తగ్గుతుంది.

అదే రాష్ట్రంలో 2020 సెప్టెంబరు నుంచి కొత్త ప్లాంట్లను అత్యవసరంలో దూరం నుంచి ఆపగలిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు, 2021 మార్చిలో మొదటిసారి వాడారు. పైకప్పుల సోలార్ ఒక్కటే రాష్ట్రం మొత్తం డిమాండును మించిన రోజులున్న చోటు అది, వాళ్లకు తప్పలేదు. మనకూ ఆ స్విచ్ కావాలి. కానీ ఎప్పుడు నొక్కారు, ఎందుకు నొక్కారు, ఎన్ని ఇళ్లు ఆగాయి అన్నది వెంటనే బయటపెట్టాలన్న షరతు లేకుండా మాత్రం ఆ అధికారం ఎవరికీ ఇవ్వకండి. చెప్పనవసరం లేని స్విచ్‌ను మనుషులు ఎలా వాడతారో కంట్రోల్ రూములో పనిచేసినవాళ్లకు తెలుసు.

చిన్న చిన్న బ్యాటరీలను, కార్లను ఒక గుంపుగా చేర్చి విద్యుత్ మార్కెట్‌లో అమ్మే విషయం, గ్రిడ్‌కు పంపిన కరెంటును బిల్లులో తగ్గించే నెట్ మీటరింగ్ లెక్కల తగాదా, వీటి మీద నాకన్నా తెలిసినవాళ్లు నియంత్రణ మండలి ముందు వాదిస్తున్నారు. ఒక్క మాటే. అమెరికాలో సమాఖ్య ఇంధన నియంత్రణ సంస్థ ఫెర్క్ 2020లో ఇచ్చిన ఉత్తర్వు 2222 వంద కిలోవాట్ల గుంపునైనా టోకు మార్కెట్‌లోకి రానివ్వమంది. గుంపు కట్టేవాడు ఏ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే పంపిణీ లైను) మీద ఏం చేస్తున్నాడో ఆ ఫీడరు చూసేవాడికి ముందుగా తెలియాలి. లేకపోతే మార్కెట్‌లో లాభం వచ్చిన గంటలో ట్రాన్స్‌ఫార్మర్ మాడుతుంది.

మా బంధువుల ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. చివరికి తెలిసిన లైన్‌మన్‌ను బతిమాలితే సప్లై ఆపి, ట్యాప్ ఒక మెట్టు దించాడు. పావుగంట పని. ఎక్కడా రాసుకోలేదు. ఇన్వర్టర్ ఇప్పుడు మధ్యాహ్నం ఆగడం లేదు. రాత్రి ఎనిమిదింటికి తమ ఇంట్లో లైట్లు మసకబారుతున్నాయని మొన్న పక్కింటివాళ్లు ఫిర్యాదు పెట్టారట. 'మా లైను బాగానే ఉంది' అన్న జవాబే వాళ్లకూ వచ్చింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పంపిణీ ఇంజినీరు