టులెట్ బోర్డు మీద ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) నంబరు కూడా ఉండాలి

సంపాదకులకు,

కొత్త అపార్ట్‌మెంట్‌ను అమ్మకానికి పెడితే ప్రకటనలో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు వేయాల్సిందేనని 2016 నాటి చట్టం చెబుతోంది. అదే ఫ్లాటును అద్దెకిచ్చేటప్పుడు ఏదీ చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో బాచుపల్లి, అమీన్‌పూర్, తెల్లాపూర్, బోడుప్పల్ వైపు కొత్త భవనాల్లో అద్దెకు దిగే మధ్యతరగతి కుటుంబాలు నష్టపోతున్నది ఇక్కడే.

కొత్త ఫ్లాటు కాస్త తక్కువకు దొరికే అదను ఒకటుంది. బిల్డర్ తాళాలు అప్పజెప్పిన మొదటి రెండు మూడు నెలల్లో ఒకే టవర్‌లో పదుల ఫ్లాట్లు ఒక్కసారిగా అద్దెకొస్తాయి. యజమానులకు నెలనెలా ఈఎంఐ, పైగా ఇల్లు ఖాళీ. బేరం కుదిరేది అప్పుడే. వాచ్‌మన్‌ను అడిగి నేరుగా యజమానితో మాట్లాడుకుంటే, అతని చేతిలో ఎంతో కొంత పెట్టినా, బ్రోకర్‌కు పోయే నెల అద్దె మిగులుతుంది.

ఆ తొందరలోనే ఓసీ, అంటే భవనం ప్లాన్ ప్రకారం పూర్తయింది, ఇక జనం ఉండొచ్చు అని అధికారులిచ్చే పత్రం, రాకముందే చాలామంది దిగిపోతున్నారు. పర్మిషన్ ఇచ్చిన మున్సిపల్ సంస్థో, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏయో ఓసీ ఇచ్చేదాకా చాలాచోట్ల భవనం నిర్మాణ సమయపు తాత్కాలిక కరెంటు మీదే నడుస్తుంది. బిల్డర్ సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కు తను చెప్పిన రేటు వసూలు చేస్తాడు. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం, అద్దెకున్నవారికీ వర్తిస్తుంది. కానీ ఇంటికి విడిగా గృహ సర్వీసు నంబరే లేకపోతే దాన్ని దేనికి జోడిస్తారు? జలమండలి కనెక్షన్ కూడా ఉండదు. బోరు, ఆపైన ట్యాంకర్లు. వేసవిలో ఆ ఖర్చంతా ఫ్లాట్ల మీద పంచుతారు. అందుకే అడ్వాన్స్ ఇవ్వకముందే కరెంటు బిల్లు చూపించమనాలి. ఓసీ కాపీ చూపిస్తే అందులో మన టవర్ పేరుందో లేదో చూసుకోవాలి, ఒక్కో టవర్‌కు విడివిడిగా ఇవ్వడం మామూలే. కొన్నిచోట్ల స్టిల్ట్ (కింది పార్కింగ్ అంతస్తు) మీద ఐదంతస్తులకు పర్మిషన్ తీసుకుని ఆరోది పెంట్‌హౌస్ పేరుతో వేసేస్తారు. అద్దె తక్కువే, కానీ అది ప్లాన్‌లో లేనిది. కూల్చివేత నోటీసు వస్తే ముందు సామాను సర్దుకోవాల్సింది కిరాయిదారే.

ఇక కొలతలు. 1250 చదరపు అడుగులు అంటే అది సూపర్ బిల్టప్, అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కూడా కలిపిన లెక్క. గోడల మధ్య మనం కాలు పెట్టే చోటు (కార్పెట్ ఏరియా) 900 చిల్లర ఉంటుంది. మెయింటెనెన్స్ మాత్రం మొత్తం 1250కీ వేస్తారు. అడుగుకు 3 రూపాయలనుకున్నా నెలకు 3,750. కొత్త గేటెడ్ కమ్యూనిటీల్లో ఏడాదికో రెండేళ్లకో మెయింటెనెన్స్‌ను బిల్డర్ యజమాని దగ్గర ముందే కట్టించుకుని ఉంటాడు. అది అద్దెలో కలిసిందా, విడిగా ఇవ్వాలా అన్నది మొదటి మాటల్లోనే తేల్చుకోవాలి. ఫ్యాన్లు, గీజర్లు, కిచెన్ కప్‌బోర్డులు, దోమల మెష్ ఎవరు పెట్టిస్తారన్నదీ అగ్రిమెంటులో రాయించుకోవాలి.

చూడటానికి వెళ్లినప్పుడు బాత్రూమ్‌లో జాలీకి దూరంగా ఉన్న మూలన ఒక బకెట్ నీళ్లు పోయండి. నీళ్లు మూలనే నిలిచిపోతే వాలు సరిగా లేదు. బాత్రూమ్ గోడకు అవతలి వైపు, బెడ్‌రూమ్‌లో స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైల్ పట్టీ) పైన జానెడు ఎత్తున చెయ్యి పెట్టి చూడండి. పెయింట్ పొక్కులు లేచినా, తెల్లటి ఉప్పు పొడి వేలికి అంటినా లోపల తేమ ఉన్నట్టే. ప్లాస్టరింగ్ ఆరకముందే పుట్టీ పెట్టేసినా ఇలాగే అవుతుంది, పైపు జాయింట్ కారుతున్నా ఇలాగే అవుతుంది. మొదటిది ఆరిపోతుంది. రెండోది గోడ పగలగొడితే తప్ప పోదు. కాబట్టి ఆ మరకలను ఫొటో తీసి చేరేముందే యజమానికి వాట్సాప్ చేసి పెట్టుకుంటే ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో కోతపెట్టరు.

కేంద్రం 2021లో పంపిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదని ఉంది. తెలంగాణ తన చట్టం రాసుకునేటప్పుడు ఆ పరిమితితో పాటు ఓసీ నంబరు, కార్పెట్ ఏరియా, నెల మెయింటెనెన్స్ అనే మూడింటినీ అద్దె ప్రకటనలోనూ, 11 నెలల అగ్రిమెంటులోనూ తప్పనిసరి చేయాలని కోరుతున్నాం.

– కొందరు పాఠకులు, మియాపూర్, హైదరాబాద్