చదువు ఉంది, లైసెన్సు ఏది?

సంపాదకుడు గారికి,

ఐసీయూ రోగుల కోసం ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్’ అని భారతీయ నర్సింగ్ కౌన్సిల్ రెండేళ్ల పీజీ కోర్సు పెట్టి చాలా కాలమైంది. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఆసుపత్రిలో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లకే సీటు. చదువు చాలావరకు రోగి మంచం పక్కనే. తీరా పూర్తిచేశాక రాష్ట్ర కౌన్సిల్లో దక్కేది అదనపు అర్హత నమోదు మాత్రమే, మందులు రాసే లైసెన్సు రాదు. మా వార్డులో పనిచేసి వెళ్లిన ఒకమ్మాయి ఈ కోర్సు చదివింది. ఇప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మళ్లీ స్టాఫ్ నర్సే.

రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు అసలు సంగతి తెలుసు. రోగి బీపీ పడిపోతుంది. డ్యూటీ డాక్టరు ఇంకో వార్డులో ఉంటారు. ఫోన్ చేస్తే ‘ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టమ్మా’ అంటారు. నర్సు మొదలుపెట్టి, కేస్ షీట్లో ‘ఫోన్ ఆర్డర్’ అని రాస్తుంది. పొద్దున డాక్టరు సంతకం పెడితే సరే. పెట్టకపోతే, పైగా రోగికి ఏమన్నా అయితే, ‘నీకెవరు చెప్పారు?’ అన్న ప్రశ్న నర్సుకే. మందు ఇవ్వకపోయినా తిట్లు ఆమెకే అనుకోండి! షెడ్యూల్ హెచ్ జాబితాలోని మందులకు రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే చట్టప్రకారం నమోదైన డాక్టరు, రాసిన చీటీ ఉండాలని 1945 నాటి డ్రగ్స్ రూల్స్ చెబుతాయి. పీజీ చేసినా నర్సు ఆ కోవలోకి రాదు.

నర్సులు మందులు రాస్తే నాటు వైద్యం అవుతుందని కొందరు డాక్టర్ల అభ్యంతరం. వీధిలో క్లినిక్ తెరుస్తామని ఎవరూ అడగడం లేదు. ఆంధ్రప్రదేశ్ విలేజ్ క్లినిక్కుల్లో బీపీ, షుగరు మందులు ఇస్తున్న మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది, అంటే ఎంఎల్‌హెచ్‌పీలు నర్సింగ్ చదివినవాళ్లే కదా. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ కూడా ప్రాథమిక వైద్యంలో పరిమిత లైసెన్సుకు దారి చూపింది. కాన్పుల విషయంలో తెలంగాణ ముందే కదిలింది, సర్కారు నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇప్పించి కాన్పుల వార్డుల్లో పని అప్పగించింది. ఐసీయూ దగ్గరికి వచ్చేసరికే ఎందుకీ తటపటాయింపు?

2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. దాని కింద రాష్ట్రాల్లో వచ్చే కమిషన్లు నర్స్ ప్రాక్టీషనర్లకు విడిగా రిజిస్టరు తెరవాలి. ఏ మందులు, ఎంత మోతాదు వరకు, ఏ డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వవచ్చో రాతపూర్వకంగా ఇవ్వాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ ముందు బోధనాసుపత్రుల ఐసీయూల్లో ఈ పేరుతో పోస్టులు మంజూరు చేస్తూ జీవో ఇవ్వాలి. పోస్టే లేని కోర్సుకు రెండేళ్ల జీతం వదులుకుని ఎవరు చేరతారండీ?

– ఒక విశ్రాంత హెడ్ నర్సు, కరీంనగర్